గుర్రాలను తరిమిన మా వదినగారు

మా వియ్యపురాలు, అంటే మా అమ్మాయి అత్తగారు, పోయిన నెలలో కన్నుమూశారు. పొద్దున్నే ఆవిడకి ఇడ్లీలు ఇచ్చి వస్తానని వెళ్లిన మా అల్లుడు ఇంటికి ఫోన్ చేశాడు. చావు సంగతి ముందు చెప్పలేదు.

"అత్తయ్యా, అమ్మ కుర్చీ చుట్టూ గుర్రాల అడుగులు ఉన్నాయి" అన్నాడు.

"అయ్యో, తొక్కాయా బాబూ?" అని అరిచాను.

"నో, నో. అమ్మని ఏం చెయ్యలేదు. అమ్మ నిద్రపోతున్నట్టే ఉంది. చెయ్యి చల్లగా ఉంది అత్తయ్యా" అన్నాడు. తర్వాత ఫోన్‌లో గాలి చప్పుడు ఒకటే వినిపించింది.

గుండె ఆగిపోయిందన్నారు. రోజూ కూర్చునే చోటే, పెరట్లో కొండకేసి వేసుకున్న మడత కుర్చీలోనే పోయారు. ఒళ్లో శాలువా, పక్కన కాఫీ ఫ్లాస్కు. అంతకుముందు రోజు కొంచెం వాన పడింది. ఆ తడి నేలలో గిట్టల గుర్తులు కుర్చీ దాకా వచ్చి, కుర్చీ చుట్టూ తిరిగి, మళ్లీ కొండకేసి వెళ్లాయి.

పలకరించడానికి వచ్చినవాళ్లు చాలామంది ఒకటే మాట అన్నారు. "ఎంత ప్రేమండీ ఆ మూగజీవాలకి, ఆవిడకి వీడ్కోలు చెప్పి వెళ్లాయి" అన్నారు. ఇది చదువుతున్న ఇక్కడి తెలుగువాళ్లు, మీలో కూడా కొందరు అన్నారు. నేను తల ఊపాను. కానీ నాకు అప్పుడే భయం వేసింది. ఎందుకంటే ఆవిడ బతికి ఉండగా ఒక్క గుర్రం కూడా ఆ కుర్చీ దాకా రాలేదు. ఆవిడ రానివ్వలేదు. అవి వచ్చింది వీడ్కోలు చెప్పడానికి కాదు. ఆ రోజు వాటిని తరిమేవాళ్లు లేక వచ్చాయి.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. ఐదో తరగతితో ఆపేశారు. ఆవిడ డాక్టరు. ఆపరేషన్ చేసేటప్పుడు మనిషికి మత్తిచ్చే డాక్టరు. మన ఊళ్లనుంచి డాక్టర్లు ఈ దేశానికి రావడం మొదలైన రోజుల్లో వచ్చి, ఈ రీనో ఊళ్లోనే ఉద్యోగమంతా చేసి, రిటైరై, భర్త పోయాక కూడా ఒంటరిగా అదే ఇంట్లో ఉన్నారు. ఊరికి ఆఖరి వీధి అది. పెరడు చివర అక్కడక్కడా పడిపోయిన కంచె, అది దాటితే సేజ్ అనే ఎడారి పొదలు, బూడిద రంగు కొండ. పెరటికి ఒక పక్కగా, కొండ కిందనుంచే, కార్లు రివ్వున పోయే పెద్ద రోడ్డు. రోడ్డుకి అవతల కొత్త ఇళ్లు, వాటి ముందు ఆకుపచ్చ గడ్డి. ఎండాకాలం కొండ మీద గడ్డి మాడిపోతే, ఆ పచ్చదనం అంత దూరం నుంచీ కనిపిస్తుంది. గుర్రాలకీ కనిపిస్తుంది.

మేం వియ్యపురాళ్లం కాబట్టి ఒకరినొకరు వదినగారూ అనుకునేవాళ్లం. మొదటిసారి వాళ్లింటికి వెళ్లినరోజు, నేను పట్టుచీర కట్టుకుని, అరిసెల డబ్బా పట్టుకుని, ఏం మాట్లాడితే ఏం తప్పో అని వణుకుతూ కూర్చున్నాను. ఇంతలో పెరటి వైపు గుర్రాలు కనిపించాయి. ఎవరూ కట్టెయ్యని, ఎవరూ ఎక్కని గుర్రాలు. నేను "అబ్బ, ఎంత ముచ్చటగా ఉన్నాయో" అనేలోపే ఆవిడ లేచి, పెరటి తలుపు పక్కన మేకుకి తగిలించి ఉన్న స్టీలు పళ్లెం, గరిటె తీసుకుని బయటికి వెళ్లి, "పో! పోండి! హుష్!" అంటూ దడదడ వాయించేశారు. గుర్రాలు దుమ్ము లేపుకుంటూ పైకి పరిగెత్తాయి. ఆవిడ లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, "అరిసెలు మీరే చేశారా?" అని నవ్వుతూ అడిగారు.

ఆ రోజు ఇంటికి వచ్చి మా అమ్మాయితో అన్నాను. "నోరు లేని జంతువుని అలా తరిమే మనిషి నిన్నెలా చూస్తుందే?"

"అమ్మా, నువ్వు మొదలెట్టకు. ఆవిడకి గుర్రాలంటే ప్రాణం" అంది అమ్మాయి.

ఇదేం ప్రాణమో నాకు అర్థం కాలేదు. నిదానంగా ఆవిడే చెప్పారు. పేరు కూడా పెట్టనిచ్చేవారు కాదు. "పేరు పెడితే పిలవాలనిపిస్తుంది. పిలిస్తే వస్తాయి. వస్తే చస్తాయి వదినగారూ" అనేవారు. "నన్ను చూసి పారిపోతున్నంత కాలం అవి బాగున్నట్టే."

అల్లుడూ అమ్మాయీ ఆఫీసుకి వెళ్లేటప్పుడు నన్ను ఆవిడ దగ్గర దింపేవాళ్లు. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే పొయ్యి ఆపానా, గరాజ్ తలుపు పడిందా, వీళ్ల కారు క్షేమంగా చేరిందా అని నా మనసు నన్ను కూర్చోనివ్వదు. అక్కడ ఇద్దరం రెండు కుర్చీలు వేసుకుని కొండకేసి చూసేవాళ్లం. ఆవిడ దగ్గర బైనాక్యులర్స్ ఉండేవి. "చూడండి" అని నాకే ముందు ఇచ్చేవారు.

మంద అంటే అన్నీ కలిసి తిరుగుతాయి, అంతే అనుకునేదాన్ని. కాదని ఆవిడ చూపించారు. ఒక మగ గుర్రం, దాని ఆడ గుర్రాలు, పిల్లలు కలిస్తే ఒక సంసారం. మగది ముందు నడవదు, వెనక నడుస్తుంది. ఎవరైనా వెనకబడితే మెడ నేలకి వంచి, చెవులు వెనక్కి వేసి, పాములా తల ఆడిస్తూ తోలుతుంది. వయసొచ్చిన మగపిల్లల్ని తండ్రే తరిమేస్తుంది. అవి పెళ్లికాని కుర్రాళ్లలాగా ఒక గుంపు కట్టి, ఒకదాన్నొకటి కరుచుకుంటూ, తన్నుకుంటూ కొండ అవతల తిరుగుతాయి. ఆడపిల్లలు ఈడొచ్చాక ఇంకో మందకి పోతాయి. అది విని నేను కళ్లు తుడుచుకుంటే, "మీ అమ్మాయిని నేను ఎత్తుకుపోలేదు లెండి, మీరూ వెంట వచ్చేశారుగా" అని ఎగతాళి చేశారు.

మగ గుర్రాలు దారిలో ఒకేచోట లద్దెలు వేసి కుప్ప చేస్తాయి. ఇంకో మగది వచ్చి వాసన చూసి తనూ వేసి పోతుంది. "ఇదే వీళ్ల వాట్సాప్ గ్రూపు" అనేవారు వదినగారు. వాగు ఎండిపోతే ముందుకాలి గిట్టతో ఇసక తవ్వుతాయి. అడుగున నీళ్లు ఊరేదాకా మిగతావి వరసలో నిలబడతాయి. పడుకున్నవాటి పక్కన ఒకటి ఎప్పుడూ నిలబడే ఉంటుంది. ఏదైనా అలికిడి అయితే అది ముక్కుతో బుస్సుమంటుంది. అంతే, ఒక్క క్షణంలో అన్నీ లేస్తాయి.

ఆ మందలో ఒక ముసలి ఆడగుర్రం ఉంది. తెల్లటిది, నడుం వంగిపోయి, పక్కటెముకలు కనిపిస్తూ ఉంటుంది. ఎక్కడికి వెళ్లాలన్నా ముందు అదే కదులుతుంది. ప్రతి నాలుగు అడుగులకీ ఆగుతుంది. చెవులు నిలబెట్టి చూస్తుంది. గాలి పీలుస్తుంది. వెనకవాళ్లు ఎంత తోసుకున్నా, దానికి నమ్మకం కలిగేదాకా అడుగు వెయ్యదు.

"పిరికిది పాపం" అన్నాను ఒకరోజు.

"అందుకే ముసలిదయ్యేదాకా బతికింది" అన్నారు ఆవిడ.

మా ఇంట్లో నా భయాలు అందరికీ నవ్వులాట. "అమ్మ ఈ రోజు ఏ డిజాస్టర్ గురించి?" అని అమ్మాయి ఆటపట్టిస్తుంది. ఒకసారి నేను ఆవిడ ముందు ఏడ్చేశాను, నాకీ భయం రోగం ఎప్పుడు పోతుందోనని. ఆవిడ నవ్వలేదు. "వదినగారూ, నా ఉద్యోగమంతా భయపడటమే. కోసే డాక్టరుకి ధైర్యం ఉండాలి. మత్తిచ్చేదానికి భయం ఉండాలి. వాళ్లు చేతులు చూసుకుంటారు, నేను ఊపిరి చూస్తూ కూర్చుంటాను. మీరూ అంతే. ఇంట్లో అందరి ఊపిరీ చూస్తూ కూర్చుంటారు. అది రోగం కాదు" అన్నారు. ఇన్నేళ్ల బతుకులో నాతో ఆ మాట అన్న మనిషి ఆవిడ ఒక్కరే. ఆ ఋణం తీరేది కాదు.

దూరపు కొండల్లో గుర్రాలు ఎక్కువయ్యాయని హెలికాప్టర్లతో తోలి పట్టుకుంటారని కూడా ఆవిడే చెప్పారు. ఒకసారి చూశారట. మైళ్ల కొద్దీ తరిమి తీసుకొచ్చి, దొడ్డి దగ్గరికి రాగానే మనుషులు పెంచిన గుర్రాన్ని ఒకదాన్ని వదులుతారట. అది తనకి తెలిసిన దారే కదా అని నేరుగా దొడ్డిలోకి పరిగెడుతుంది. మిగతావి దాని వెనకే పోతాయి. "భయంతో పరిగెట్టినంతసేపూ దొరకలేదు. ఒకదాన్ని నమ్మాయి, దొరికిపోయాయి" అన్నారు. ఆ సాయంత్రం కాఫీ కూడా తాగలేదు.

కిందటేడు చలి మొదలయ్యే రోజుల్లో జరిగింది ఒకటి ఉంది. అది మా ఇద్దరికే తెలుసు. రోడ్డుకి అవతల కొత్త ఇళ్లవాళ్లు పిల్లలకి ఫోటోల కోసం అని మెయిల్‌బాక్సుల దగ్గర క్యారెట్లు, ఆపిల్ ముక్కలు పెట్టడం మొదలుపెట్టారు. ఆవిడ వెళ్లి చెప్పారు. వద్దని, చట్టం కూడా ఒప్పుకోదని చెప్పారు. ఒకాయన "రిలాక్స్, డాక్టర్, దే ఆర్ జస్ట్ హంగ్రీ" అన్నాడట. వారం తిరక్కముందే ఒక సంజెవేళ బ్రేకులు కీచుమన్న శబ్దం, తర్వాత దబ్బుమన్న శబ్దం వినిపించాయి. మేం పరిగెత్తాం. ఎర్ర ఆడగుర్రం ఒకటి రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. దాని పిల్ల, అదీ ఎర్రదే, గట్టు మీద నిలబడి సన్నగా అరుస్తోంది. పికప్ ట్రక్కు కుర్రాడు తల పట్టుకుని కూర్చున్నాడు.

వదినగారు రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని దాని మెడ మీద చెయ్యి వేశారు. ఆ ముక్కుల్లోంచి ఊపిరి ఎలా వస్తోందో చూస్తూ ఉండిపోయారు. పోలీసాయన వచ్చి, "మేడమ్, ప్లీజ్ స్టెప్ బ్యాక్" అని రెండుసార్లు అన్నాడు. నేను ఆవిడ భుజాలు పట్టుకుని వెనక్కి లాగాను. తుపాకి ఒక్కసారి పేలింది. కొండ మీద మంద అంతా నిలబడి చూస్తోంది. ముందు ఆ ముసలిది, కదలకుండా. మగ గుర్రం రోడ్డు అంచు దాకా దిగి వచ్చి, వాసన చూసి, తల విదిలించుకుని వెనక్కి వెళ్లింది. చీకటి పడ్డాక కూడా పిల్ల అరుపు వినిపిస్తూనే ఉంది.

ఇంటికి వచ్చాక ఆవిడ పంపు కింద చేతులు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. "ఇన్నేళ్లు మనుషులకి నొప్పి తెలియకుండా చేశాను. దానికి ఏమీ ఇవ్వలేకపోయాను వదినగారూ. వట్టి చేతులు" అన్నారు. తర్వాత, "మావాడికి చెప్పకండి" అన్నారు. నేను చెప్పలేదు. ఆ పిల్ల బతికింది. ముసలిది దాన్ని తన వెనక నడవనిచ్చింది.

ఇప్పుడు పదో రోజు సంగతి చెప్పాలి. దానికోసమే ఇదంతా రాస్తున్నాను.

కొండలవతల, నాలుగు గంటల దారిలో ఉన్న డబ్లిన్ అనే ఊరి నుంచి పురోహితుడు గారు తెల్లారకముందే బయల్దేరి కారులో వచ్చారు. ఆవిడ పెరట్లోనే కర్మ చేయించారు. విస్తరిలో అన్నం ముద్ద వేసి ఒక చదును రాయి మీద పెట్టి కాకి కోసం చూశాం. ఇక్కడ కాకులకేం కొదవలేదు, చెత్తబుట్టల మీద ఎప్పుడూ ఉంటాయి. ఆ రోజు ఒక్కటీ వాలలేదు. గంట గడిచింది. "ఇక్కడి కాకులకి సాంబారు ఎలర్జీయేమో" అని ఎవరో పెద్దాయన అంటే, వెనక కొందరు నవ్వి, వెంటనే ఆపుకున్నారు. నాకు మాత్రం భయం మొదలైంది. ముద్ద ముట్టకపోతే పోయినవాళ్లకి తీరని కోరిక ఏదో ఉందంటారు కదా. ఏమై ఉంటుందా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడే కొండ మీద గుర్రాలు కనిపించాయి. ముసలిది ముందు. దాని వెనక ఎర్ర పిల్ల. అవి రాయికేసే చూస్తున్నాయి.

"అమ్మ పిలిచింది" అన్నాడు మా అల్లుడు. "కాకి రాదు అత్తయ్యా. అమ్మకి వీళ్లే రావాలి. ఆ రోజు కూడా వీళ్లే వచ్చారు." రాయి మీద ఉన్న విస్తరిని రెండు చేతులతో ఎత్తాడు. ఆవిడకి గుర్రాలంటే ప్రాణమని అతనూ, వచ్చినవాళ్లూ క్యారెట్ల సంచులు, ఆపిల్స్ తెచ్చి ఉంచారు. అవి కూడా విప్పారు. ఫోన్లు పైకి లేచాయి. గుర్రాలు నాలుగు అడుగులు దిగాయి. ముసలిది ఆగింది. వెనకవి తోసుకుంటున్నాయి.

అత్తగారు అల్లుడికి అడ్డం చెప్పకూడదు. అదీ తల్లి కర్మ చేసే కొడుక్కి, అంతమంది ముందు అసలు చెప్పకూడదు. అయినా అన్నాను.

"వద్దు బాబూ. వాటికి పెట్టొద్దండీ. గుర్రానికి వాంతి కాదు, మింగిందంటే మింగిందే, కడుపు మెలిపడి చస్తుంది. అమ్మగారే చెప్పేవారు."

"ఒక్క ముద్ద అత్తయ్యా. అమ్మ కోసం."

"ఒక్క ముద్దకే అలవాటు పడతాయండీ."

"అత్తయ్యా, ప్లీజ్! ఈ ఒక్కరోజు మీ భయాలు పక్కన పెట్టండి!" అని అరిచాడు. ఎప్పుడూ నా మీద గొంతు పెంచని పిల్లాడు. "అమ్మా, ఊరుకో" అంది మా అమ్మాయి, ముఖం ఎర్రబడి.

నాకు రెండు వైపులా భయమే. పెట్టకపోతే ఆవిడ ఆత్మ ఏమైపోతుందో. పెడితే ఆ పిల్ల ఏమైపోతుందో. అతను కంచె దాటి అడుగు వేశాడు. ముసలిది ఇంకా కదల్లేదు కానీ, ఎర్ర పిల్ల దాన్ని దాటుకుని ముందుకి వచ్చేసింది. దాని కళ్లు విస్తరి మీద ఉన్నాయి. దాని తల్లి పడి ఉన్న రోడ్డు కళ్లముందు మెదిలింది. ఆవిడకి తీరని కోరికంటూ ఉంటే అది ఈ పిల్లని ఆ రోడ్డు ఎక్కనివ్వకపోవడమేనని నాకు తోచింది.

పెరటి తలుపు పక్కన మేకుకి ఆ పళ్లెం ఇంకా అలాగే ఉంది. తీశాను. చావింట్లో పళ్లెం వాయించకూడదని తెలుసు. వాయించాను. "పో! పోండి! హుష్!" అని ఆవిడ అరిచినట్టే అరిచాను. గుర్రమంటే ఆమడ దూరం ఉండేదాన్ని, కంచె దాటి వాటి మీదికి వెళ్లాను. ముసలిది బుస్సుమంది. ఒక్క ఊపులో అన్నీ తిరిగాయి. దుమ్ము లేచి మా అందరి మీదా పడింది.

పురోహితుడు గారే ముందుకొచ్చి, అల్లుడి చేతిలో విస్తరి మెల్లగా తీసుకుని, "పారే నీళ్లలో కలిపినా సరిపోతుంది నాయనా. అదీ పద్ధతే" అన్నారు. ట్రకీ నదికి వెళ్లి కలిపి వచ్చారు. నేను వెళ్లలేదు. వంటింట్లో కూర్చున్నాను, చెయ్యరానిది ఏం చేశానో అనుకుంటూ.

సాయంత్రం అల్లుడు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. రోడ్డు మీద జరిగిందంతా అప్పుడు చెప్పాను. నా పక్కన ఉన్న పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇల్లు అమ్మేసి మన దగ్గరికి వచ్చేయమంటారని బాబూ."

"అనేవాడినే" అన్నాడు. ఏడుస్తూ కొంచెం నవ్వాడు. "నేను తెచ్చిన క్యారెట్లన్నీ ట్రాష్‌లో వేశాను అత్తయ్యా. మిగతావాళ్ల బ్యాగులు కనిపించలేదు."

నాకా రాత్రి నిద్ర లేదు. తెల్లవారాక వెళ్లి చూస్తే, కంచె అవతల, రోడ్డుకి దగ్గరగా, నేల మీద క్యారెట్ తొడిమలు, ఆపిల్ గింజలు, వాటి చుట్టూ గిట్టల గుర్తులు. ఎవరు పోశారో నేను అడగలేదు. ఆవిడ మీద ప్రేమతోనే పోసి ఉంటారు. మీలో ఎవరైనా అయితే, కోపంతో రాస్తున్నానని అనుకోకండి. చేతులు జోడించి అడుగుతున్నాను, ఇంక పొయ్యకండి. ఆవిడకి ఏమైనా చెయ్యాలనిపిస్తే, ఆ కొండకేసి చూసి దూరంగా ఒక దండం పెట్టండి.

ఇప్పుడు రోజూ పొద్దున, సాయంత్రం అల్లుడు నన్ను ఆవిడ ఇంటి దగ్గర దింపుతున్నాడు. అదే కుర్చీలో కూర్చుంటున్నాను. ఒళ్లో పళ్లెం, గరిటె. మొదట్లో ఒక్క దెబ్బకే వెళ్లిపోయేవి. తర్వాత కొంచెం దూరం వెళ్లి ఆగడం మొదలుపెట్టాయి. ముసలిది నాలుగు రోజులుగా కనిపించడం లేదు. ఎక్కడ ఆగిందో, అసలు ఉందో లేదో. ముందు నడవడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

నిన్న సాయంత్రం ఎర్ర పిల్ల ఒక్కటే దిగి వచ్చింది. లేచి వాయించాను. మిగతావి పైకి పోయాయి. అది కదల్లేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా వాయించాను, గొంతు పోయేదాకా అరిచాను. పొద్దు వాలింది. అవతల ఇళ్లలో లైట్లు వెలిగాయి, రోడ్డు మీద కార్ల దీపాలు బారులు తీరాయి. అది అక్కడే నిలబడి ఉంది. ఒక చెవి నా పళ్లెం వైపు, ఒక చెవి రోడ్డు వైపు.